పరంపర - ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు

తరమునకును తరమునకును నడుమ అభిప్రాయభేదము క్రొత్తగా పుట్టినది కాదు. పిన్నలకు భక్తి లేదు, భయము లేదు, ఓపిక లేదు అని పెద్దలు వగతురు. లోకము మారినదని పెద్దలెరుగరు, తాము నడచినదే త్రోవ యందురు అని పిన్నలు విసుగుకొందురు. ఈ రెండు మాటలును ప్రతి యింట వినవచ్చుచున్నవి. వింత యేమనగా, నేడు మొదటిమాట పలుకువారే ముప్పది నలువదియేండ్ల క్రిందట రెండవమాట పలికియుండిరి. నేడు రెండవమాట పలుకువారు మరి ముప్పదియేండ్లకు మొదటిమాట పలుకుదురు. మనుష్యులు మారుదురే కాని ఫిర్యాదు మారదు.

నేటికాలమున ఈ భేదమునకు మరియొక కారణము తోడైనది. తాత చేసిన వృత్తినే తండ్రియు, తండ్రి చేసినదానినే కొడుకును చేయుచున్నంతకాలము వయసుతోపాటు తెలివియు పెరిగెడిది. ఏ నేలలో ఏ విత్తు మొలచునో, ఏ మబ్బు కురియునో, ఏ మగ్గమునకు ఎంత నూలు పట్టునో పెద్దవానికే ఎక్కువ తెలియును. గౌరవము ఆ తెలివిని వెన్నంటి వచ్చెడిది. నేడన్ననో, తాత పొలము దున్నినవాడు. తండ్రి పట్టణమున ఉద్యోగము చేసినవాడు. మనుమడు దూరదేశమున కంప్యూటరు నెదుట కూర్చుండువాడు. పింఛను సొమ్ము చేరినదో లేదో సెల్‌ఫోనులో చూచుటకు తాత మనుమని నడుగవలసియున్నది. లోకవ్యవహారమున పిన్నవాడే గురువైన ఈ కాలమున, వయస్సు నొక్కదానినే ఆధారముగా చేసికొని గౌరవము నిలువజాలదు.

మరియొక వంక దేశమున వృద్ధుల సంఖ్య పెరుగుచున్నది. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలోనే అరువదియేండ్లు నిండినవారు 10 కోట్లకు పైగా నుండిరి. తల్లిదండ్రులను పోషించుట బిడ్డల విధియని 2007లో పార్లమెంటు చట్టమే చేయవలసివచ్చెను. ఆ చట్టము భరణము నిప్పింపగలదు, పలుకరింపు నిప్పింపజాలదు. కావున ప్రశ్న భరణముతో తీరునది కాదు. ఒక తరము రెండవ తరమునకు ఈయవలసినదేమి? దాని నెట్లీయవలెను? రెండవ తరము దాని నెట్లు పుచ్చుకొనవలెను? ఈ ప్రశ్నను మన పూర్వులు విడిచిపెట్టలేదు.

ఒక ప్రాచీన కర్మ

ఋగ్వేదమునకు చెందిన కౌషీతకి ఉపనిషత్తు రెండవ అధ్యాయమున 'పితాపుత్రీయ సంప్రదానము' అను నొక కర్మ వర్ణింపబడినది. సంప్రదానమనగా అప్పగింత. అవసానకాలము సమీపించినదని తోచినపుడు తండ్రి కొడుకును పిలిపించును. ఇంటిలో పచ్చి తృణములు పరతురు. అగ్నిని ప్రతిష్ఠింతురు. ప్రక్కన ఉదకపాత్ర నుంతురు. తండ్రి క్రొత్తవస్త్రము కప్పుకొని పరుండును. కొడుకు ఆయనను సమీపించి తన యింద్రియములచే ఆయన యింద్రియములను స్పృశించును. లేదా ఎదురుగా కూర్చుండును. అప్పుడు తండ్రి తన వాక్కును కుమారునియం దుంచుచున్నానని పలుకును. దానిని తనయందు గ్రహించుచున్నానని కుమారుడు బదులు పలుకును. ఇట్లే ప్రాణము, చూపు, వినికిడి, అన్నరసములు, కర్మలు, సుఖదుఃఖములు, నడక, మనస్సు, ప్రజ్ఞ - ఒక్కొక్కటియే అప్పగింపబడును. ప్రతి పర్యాయమును తండ్రి పలుకును, కొడుకు బదులు పలుకును.

ఈ కర్మయందు గమనింపదగిన విషయములు రెండు గలవు.

మొదటిది: తండ్రి యిచ్చినంతమాత్రమున అప్పగింత ముగియలేదు. కొడుకు తన నోట తాను గ్రహించితినని పలుకవలెను. భూమియు, బంగారమును ఊరకున్నను సంక్రమించును. వారసుడు నిద్రించుచున్నను ఆస్తి వానిదే యగును. వాక్కు, మనస్సు, ప్రజ్ఞ అట్లు సంక్రమించునవి కావు. పుచ్చుకొనువాడు మేలుకొని పుచ్చుకొననిచో అవి ఇచ్చినవానితోనే పోవును.

రెండవది మరింత ఆశ్చర్యకరము. ఇంత కర్మయు జరిగిన పిమ్మట తండ్రి వ్యాధి నయమై బ్రదికినచో నేమి చేయవలెను? ఉపనిషత్తు ఈ ప్రశ్నను దాటవేయలేదు. ఆ తండ్రి కుమారుని యధికారమునకు లోబడి యింట నుండవలెను. లేదా పరివ్రాజకుడై వెడలిపోవలెను. మూడవ మార్గము లేదు. ఇచ్చినదానిని మరల తీసికొని యజమానుడై కూర్చుండుటకు వీలులేదు. ఇచ్చుటయనగా విడుచుట యని దీని భావము.

పరంపర యను మాటకు అర్థ మిందే యున్నది. ఇచ్చువాడు విడువవలెను; పుచ్చుకొనువాడు తెలిసి పుచ్చుకొనవలెను. ఈ రెంటిలో ఏ యొకటి లోపించినను పరంపర తెగును. తరముల నడుమ కలుగు కలహములను పరికించి చూచినచో వానిలో పెక్కు ఈ రెండు లోపములలో నొకదానినుండి పుట్టినవియే యని తేలగలదు.

ముసలిగోవుల దానము

ఇచ్చువాని లోపమును కఠోపనిషత్తు మొదటనే చూపినది. వాజశ్రవసుడు సర్వస్వమును దానము చేయవలసిన యాగమును చేయుచున్నాడు. దక్షిణగా గోవులను తోలుకొనిపోవుచున్నారు. అవి పాలిచ్చు కాలము, ఈను కాలము గడచిపోయిన ముసలిగోవులు. పేరు సర్వస్వదానము, ఇచ్చుచున్నది తనకు పనికిరానిది. చూచినవారందరు ఊరకుండిరి. బాలుడైన నచికేతుడు మాత్రము ఊరకుండలేకపోయెను.

అతనిని పలికించినది గర్వము కాదు. ఆ సమయమున అతనిలో శ్రద్ధ ప్రవేశించెనని ఉపనిషత్తు చెప్పుచున్నది. యాగమును నమ్మనివాడైనచో నవ్వి యూరకుండెడివాడు. నమ్మినవాడు గనుకనే అది వంచనతో జరుగుటను ఓర్వలేకపోయెను. పిన్నవాడు ప్రశ్నించినంతనే వానికి ధర్మమునందు విశ్వాసము లేదని పెద్దలు నిర్ణయింపరాదు. ఒక్కొక్కపుడు ప్రశ్నించువానియందే విశ్వాసము మిగిలియుండును.

అతడు తండ్రిని నిందింపలేదు. తానును తండ్రి సొత్తే కదా, తన నెవరి కిచ్చెదవని యడిగెను. ముమ్మారు అడుగగా తండ్రి కోపించి మృత్యువున కిచ్చెదనని పలికెను. మాట నోరు జారినది. పిమ్మట తండ్రి వగచియుండును. అప్పుడు కొడుకే తండ్రికి ధైర్యము చెప్పి, పూర్వులు ఎట్లు నడచిరో చూడుమని జ్ఞాపకము చేసి, ఆడినమాట నిలుపుకొనుమని ప్రోత్సహించి వెడలెను. సంప్రదాయమును తండ్రికి గుర్తుచేసినవాడు కొడుకు!

యముని యింట మూడు రాత్రులు నిరాహారుడై యున్నందుకు అతనికి మూడు వరములు లభించెను. ఆత్మజ్ఞానము మూడవ వరము. స్వర్గప్రాపకమైన అగ్నివిద్య రెండవది. మొదటి వరమేది? తండ్రి మనస్సు శాంతింపవలెను, తనపై కోపము పోవలెను, తిరిగివచ్చిన తనను గుర్తించి ఆదరింపవలెను. తండ్రి లోపమును అందరికంటె ముందు చూచినవాడే తండ్రి శాంతిని అన్నిటికంటె ముందు కోరెను. ఈ రెండును ఒకే హృదయమున నుండదగినవి. మొదటిది మాత్రమున్నచో అది తిరుగుబాటు. రెండవది మాత్రమున్నచో అది మౌనము. రెండును కలిసినపుడు అది నచికేతుని మార్గము.

తెలియదని చెప్పిన తండ్రి

పెద్దవాడు పిన్నవానియెదుట 'నాకు తెలియదు' అని చెప్పవచ్చునా? చెప్పినచో గౌరవము తగ్గదా? ఛాందోగ్య, బృహదారణ్యకములలోని ఉద్దాలక శ్వేతకేతుల కథ యీ ప్రశ్నకు సమాధానము. ఉద్దాలకుని కుమారుడైన శ్వేతకేతుడు పాంచాలరాజైన ప్రవాహణ జైవలి సభకు పోయెను. రాజు అతని నైదు ప్రశ్నలడిగెను. ఒక్కదానికిని అతడు బదులు చెప్పలేకపోయెను. అవమానముతో ఇంటికి వచ్చి, అంతయు నేర్పితినని చెప్పి ఏమియు నేర్పలేదు గదా యని తండ్రిని నిష్ఠూరమాడెను.

అట్టి సమయమున ఎందరు తండ్రులు తమ అజ్ఞానమును కోపముచే కప్పిపుచ్చుకొనరు! ఉద్దాలకుడు అట్లు చేయలేదు. ఆ ప్రశ్నలలో ఒక్కదానికిని తనకు సమాధానము తెలియదనియు, తెలిసియున్నచో తనయునికి చెప్పకుందునా యనియు పలికెను. అంతటితో నాగలేదు. ఇరువురము పోయి ఆ రాజునొద్ద శిష్యులమై నేర్చుకొందమని కుమారుని పిలిచెను. బృహదారణ్యకమున కొడుకు రానని, తండ్రినే పొమ్మని చెప్పెను. తండ్రి యొంటరిగా పోయెను. రాజు ధనమీయబోగా వలదని, విద్యనే యాచించి, శిష్యుడై నిలిచెను. ప్రశ్నలు విని సిగ్గుపడినవాడు కొడుకు. నేర్చుకొనుటకు పోయినవాడు తండ్రి. ఇరువురిలో యువకు డెవ్వడో చదువరులే నిర్ణయింతురు గాక!

ఛాందోగ్యము ఆరవ అధ్యాయమున మరియొక దృశ్యము కలదు. పండ్రెండేండ్ల వయస్సున గురుకులమునకు పోయిన శ్వేతకేతుడు ఇరువది నాలుగేండ్ల వాడై, వేదములన్నియు చదివితినను గర్వముతో తిరిగివచ్చెను. తండ్రి వానిని గద్దింపలేదు. దేనిని తెలిసికొన్నచో తెలియనిదియు తెలియబడునో అట్టి ఉపదేశమును అడిగితివా యని యొక్క ప్రశ్న వేసెను. కొడుకు గర్వము కరగెను. పిమ్మట తండ్రి బోధించిన విధానము గమనింపదగినది. పదునైదు దినములు భోజనము మానుమనెను. నీరు మాత్రము త్రాగవచ్చును. అటుపిమ్మట వేదము చెప్పుమనగా ఒక్క మంత్రమును తోచలేదు. భుజించిన పిదప అంతయు జ్ఞప్తికి వచ్చెను. మనస్సున కన్న మాధారమని కొడుకు తన శరీరముతో నేర్చుకొనెను. మఱ్ఱిపండును చీల్పించి, గింజను చీల్పించి, కనబడని సూక్ష్మమునుండి మహావృక్ష మెట్లు కలిగినదో చూపెను. ఉప్పును నీట వేయించి మరునాడు మూడు ప్రక్కల రుచి చూడుమనెను. ఇందులో 'నేను చెప్పుచున్నాను గనుక నమ్ముము' అనునది లేదు. చేసి చూడుము, రుచి చూడుము, పిమ్మట వినుము - ఇదియే పద్ధతి. తాను శిష్యుడై నిలువగలిగిన తండ్రియే కొడుకున కిట్లు గురువు కాగలడు.

మరచిపోయిన రెండవ సగము

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లి పదునొకండవ అనువాకమున విద్య ముగించి పోవు శిష్యునకు గురువు చేయు అనుశాసనము కలదు. తల్లిని, తండ్రిని, ఆచార్యుని దైవముగా నెంచవలెనను బోధ అందలిదే. ఆ మాటలు పాఠశాలల గోడలపై కనబడును; సభలలో వినబడును. ఐతే దానివెంటనే గురువు చెప్పిన మరియొక బోధను గోడలపై వ్రాయించినవారు అరుదు. తమ నడవడియందు మంచిదైనదానినే అనుసరింపవలెను, తక్కినదానిని కాదు అని గురువు తన నోటనే శిష్యునకు చెప్పుచున్నాడు.

పూజ్యభావము సంపూర్ణముగా నుండవలెను. అనుసరణము విచారణతో నుండవలెను. ఈ రెంటికిని విరోధము లేదని చెప్పుటకే ఆ రెండు బోధలు ప్రక్కప్రక్కన నిలుపబడినవి. పెద్దలు మొదటిదానినే చెప్పి రెండవదానిని దాచిరి. పిన్నలు రెండవదానిని పట్టుకొని మొదటిదానిని విడిచిరి. ఒకే వాక్యసముదాయమును రెండు ముక్కలు చేసి పంచుకొనిరి. నేటి యిండ్ల కలహమున సగము ఈ పంపకమునుండియే పుట్టినది.

వంగదేశమున నాలుగు తరములు

ఉపనిషత్కథలు ఆదర్శములు. చరిత్రయందు ఇట్టి అప్పగింత యెట్లు జరిగినదో చూచుటకు పందొమ్మిదవ శతాబ్దపు వంగదేశము తగిన నిదర్శనము. రాజా రామమోహనరాయలు యౌవనముననే విగ్రహారాధన విషయమున కుటుంబముతో భేదించెను. 1828లో బ్రహ్మసభను స్థాపించెను. 1833లో ఇంగ్లండునందలి బ్రిస్టలులో దేహము చాలించెను. ఆయన వెలిగించిన దీపమును నిలిపినవాడు దేవేంద్రనాథ ఠాకూరు.

దేవేంద్రనాథుని తండ్రియైన ద్వారకానాథుడు గొప్ప వర్తకుడు. ఆయన 1846లో లండనునందు మరణించెను. పూర్వాచారము ననుసరించి విగ్రహపూజతో శ్రాద్ధము చేయుటకు దేవేంద్రనాథుని మనస్సాక్షి యొప్పలేదు. బంధువుల కోపమునకు గురియయ్యెను. అంతలో తండ్రి వ్యాపారసంస్థ కూలిపోయెను, అప్పులు మిగిలెను. ద్వారకానాథుడు కొంత యాస్తిని ఋణదాతల చేతికి చిక్కకుండ ముందుగనే ధర్మకర్తల వశమున నుంచియుండెను. న్యాయశాస్త్ర ప్రకారము దానిని దాచుకొనవచ్చును. దేవేంద్రనాథుడు దానినికూడ ఋణదాతల యెదుట నుంచి, భోగములు తగ్గించుకొని, ఏండ్లతరబడి తండ్రి అప్పు తీర్చెను. తండ్రి కర్మను సమ్మతింపని కొడుకే తండ్రి ఋణమును తలకెత్తుకొనెను. పితృభక్తి యనగా నేమియో ఈ యొక్క చరిత్రవలన తెలిసికొనవచ్చును.

అట్టి దేవేంద్రనాథుడు 1862లో యువకుడైన కేశవచంద్రసేనుని ఆచార్యపీఠమున కూర్చుండబెట్టెను. కేశవుడు యజ్ఞోపవీతధారులు వేదిక నెక్కరాదనెను; వర్ణాంతర వివాహములు జరుగవలెననెను. పెద్దవాడు మెల్లగా నడువవలెనని తలచెను. 1866లో సమాజము చీలెను. అప్పటికి కేశవుని వయస్సు దాదాపు ఇరువది యెనిమిదేండ్లు. దేవేంద్రనాథుని శాఖ ఆదిబ్రాహ్మసమాజమయ్యెను.

కేశవుని కృషిచే 1872లో వివాహచట్టము వచ్చెను. దానియందు వధువునకు 14, వరునికి 18 ఏండ్లు కనీస వయస్సుగా నిర్ణయింపబడెను. 1878లో కేశవుడు తన కుమార్తెను ఆ వయస్సు నిండకమున్నే కూచ్‌బిహారు మహారాజున కిచ్చి వివాహము చేసెను. వరునికిని వయస్సు నిండలేదు. శివనాథశాస్త్రి, ఆనందమోహన వసువు మొదలైన పిన్నలు భగ్గుమనిరి. ఆ సంవత్సరము మేనెలలోనే సాధారణ బ్రాహ్మసమాజము వెలసెను. తాను పెద్దవానిని విడిచి వచ్చి పండ్రెండేండ్లు నిండకమున్నే పిన్నలు తనను విడిచిపోవుటను కేశవుడు చూచెను.

ఇందు ఎవరిని నిందించుటకును తావు లేదు. ప్రతివాడును దేశమునకు మేలు చేసినవాడే. ఐనను పాఠము స్పష్టము. విప్లవకారుని పదవి ఎవనికిని శాశ్వతము కాదు. నిన్నటి యువకుడు నేటి పెద్ద. తాను పెద్దలకు విధించిన నియమము తన యింటి గడప కడకు వచ్చినపుడు అతడు దానికి లోబడునా లేదా యనుటలోనే వాని పరీక్ష యున్నది.

పరీక్షింపుమనిన గురువు

ఆ సాధారణ సమాజమునకు పోవుచుండిన యువకులలో నరేంద్రనాథదత్తు డొకడు. 1863లో జన్మించిన ఆ విద్యార్థి 1881లో దక్షిణేశ్వరపు పూజారియైన శ్రీరామకృష్ణులను చూచెను. ఆంగ్లవిద్య నేర్చిన యువకుడు; బడిచదువు అంతగా లేని గురువు. కాలము, విద్య, అలవాటు - అన్నిటను వారి నడుమ గొప్ప యంతరముండెను. నరేంద్రుడు కాళికను అంగీకరింపలేదు. అద్వైతమును విని పరిహసించెను. గురువు కోపింపలేదు. షరాబు నాణెమును పరీక్షించునట్లు తనను పరీక్షింపుమని ప్రోత్సహించెను. ధనస్పర్శను సహింపలేనని గురువు చెప్పినది నిజమో కాదో చూచుటకై నరేంద్రుడు ఆయన లేనపుడు పడక క్రింద రూపాయి నుంచెను. కూర్చుండబోయిన గురువు నొప్పితో లేచెను. సంగతి తెలిసిన పిదప సంతసించెనే కాని అలుగలేదు.

1886లో మహాసమాధికి కొలది దినములకు ముందు ఆయన తన సర్వస్వమును నరేంద్రునకు ధారపోసి, తాను రిక్తుడనైతినని కంటతడి పెట్టెనని శిష్యులు చెప్పిరి. పరీక్ష ముందు; అప్పగింత వెనుక. కౌషీతకి వర్ణించిన సంప్రదానము పందొమ్మిదవ శతాబ్దమున ఇట్లు మరల జరిగినది.

రాజమహేంద్రవరమున ఒక వృద్ధుడు

వంగదేశమునందలి యీ కదలిక తెలుగునాటికిని సోకెను. 1864లో కేశవచంద్రుడు మద్రాసునకు వచ్చెను. ఆ యేడే అచట వేదసమాజము వెలసెను. 1848లో జన్మించిన కందుకూరి వీరేశలింగము పంతులు 1878లో రాజమహేంద్రవరమున ప్రార్థనసమాజమును నెలకొల్పెను. 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతువివాహమును జరిపించెను. ఊరు ఎదిరించినది, బంధువులు వెలివేసిరి. పూర్వాచారమును కాపాడుచున్నామని వారి నమ్మకము. గురజాడ అప్పారావు 1892లో ప్రదర్శింపజేసి 1897లో ప్రకటించిన 'కన్యాశుల్కము' నాటకమున వధువు తండ్రి సొమ్ము పుచ్చుకొని పసిపిల్లను వృద్ధునకు కట్టబెట్టు దురాచారము కనబడును. అదియు నాడు ఆచారమను పేరనే చెల్లెను. తరువాతి తరములలో సొమ్ము దిక్కు మారెను. వరునికి కట్నమిచ్చుట సంప్రదాయమయ్యెను. 1961లో చట్టము దానిని నిషేధించినను అది మానలేదు. అనాదియని పేరు పెట్టి మనము మోయు వానిలో ఎన్ని మన ముత్తాతల కాలమునకు లేవో!

వీరేశలింగమునందు స్మరింపదగినది మరియొకటి కలదు. ఆయన గ్రాంథికభాషకు అలవాటుపడిన పండితుడు. 'శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము' వంటి కష్టతరమైన కావ్యముతో యౌవనమున పేరు తెచ్చుకొనినవాడు; వ్యాకరణము వ్రాసినవాడు. తనకంటె పదునైదేండ్లు చిన్నవాడైన గిడుగు రామమూర్తి పంతులు వ్యావహారిక భాషకై ఉద్యమించినపుడు పండితలోకము ఎదురు తిరిగెను. వీరేశలింగము మాత్రము తుదకు ఆ వాదమునందలి సత్యమును గుర్తించెను. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజ మేర్పడినపుడు అధ్యక్షత వహించినవాడు ఆయనయే. కార్యభారము వహించినవాడు గిడుగు. ఆ మేనెల 27వ తేదీన వీరేశలింగము దివంగతుడయ్యెను. అర్ధశతాబ్దికాలము తాను వాడిన భాషను గూర్చి పిన్నవాడు చెప్పినదానిని డెబ్బదియేండ్ల వయస్సున, మరణమునకు మూడు నెలల ముందు, అంగీకరించుట సామాన్యము కాదు. జైవలి సభకు నడచిపోయిన ఉద్దాలకుని అడుగుజాడ లివియే.

ఇంటిలో ఆచరింపదగినది

ఈ నిదర్శనములనుండి ప్రతి యింటికిని ఉపయోగించు నియమములు కొన్ని తేలుచున్నవి.

పెద్దలు మొదట తమ గోవులను తాము చూచుకొనవలెను. బిడ్డలకు ఇచ్చుచున్న ఆచారములలో పాలిచ్చున వేవి, పేరునకు మాత్రము మిగిలిన వేవి? సత్యము, శుచి, అతిథిసేవ, దైవచింతన పాలిచ్చు గోవులు. కులగర్వము, కట్నము, ఆడపిల్ల చదువునందు పిసినారితనము - వీనిని సంప్రదాయమని యిచ్చినచో ఇంటిలోనే యొక నచికేతుడు లేచి నిలుచును. లేవకున్నచో మరింత విచారింపవలెను.

ఇచ్చినపిదప విడువవలెను. ఇంటి పెత్తనము కొడుకు కోడళ్ల కిచ్చితిమని చెప్పి, ఉప్పుకారముల లెక్క సయితము తామే అడుగుచున్నచో అది అప్పగింత కాదు. మనుమలు పుట్టి తల నెరసినపుడు వానప్రస్థమును స్వీకరింపుమని స్మృతులు చెప్పినవి. నేడు అడవికి పోనక్కరలేదు. యజమానత్వమును విడిచి, అడిగినపుడు సలహా చెప్పి, మిగిలిన కాలమున ఈశ్వరచింతన చేసికొనుటయే నేటి వానప్రస్థము.

పిన్నలు పరీక్షింపవలెను; కాని పరీక్ష ఎల్లెడల నొక్కతీరున నుండవలెను. పూజకు కూర్చుండుమన్నపుడు స్వతంత్రబుద్ధిని, కట్నము పుచ్చుకొనునపుడు తల్లిదండ్రుల మాటను ముందునకు తెచ్చు యువకుడు విచారణ చేయుటలేదు. తనకు లాభమైన యాచారమును ఉంచుకొని, శ్రమయైన యాచారమును విడుచుచున్నాడు. అది కొడుకు చేయు ముసలిగోవుల దానము. విడువదలచినచో దేవేంద్రనాథునివలె నష్టమునకు సిద్ధపడి విడువవలెను. ఋణమును మాత్రము విడువరాదు. తల్లిదండ్రుల విశ్వాసములను అంగీకరింపకపోవచ్చును. వారి ముదిమి, వ్యాధి, ఒంటరితనము మాత్రము తన ఋణమే.

నచికేతుని మొదటి వరమును మరువరాదు. దూరదేశముననున్న కుమారుడు నెలనెల సొమ్ము పంపవచ్చును. తండ్రి మనస్సు శాంతించినదా, తనను గుర్తించి నవ్వుచున్నదా యని విచారించుట వేరు. మొదటిది చట్టము చేయింపగలదు. రెండవది శ్రద్ధయే చేయింపవలెను.

కౌషీతకిలోని కర్మ చివర నొక చిన్న విషయము కలదు. అప్పగింత ముగిసిన పిమ్మట కొడుకు ప్రదక్షిణముగా తిరిగి వెలుపలికి పోవును. తండ్రి వెనుకనుండి పిలిచి కీర్తియు, బ్రహ్మవర్చస్సును నిన్ను వరించుగాక యని దీవించును. కొడుకు ఎడమ భుజముమీదుగా వెనుకకు చూచి, చేతితోనో వస్త్రాంచలముతోనో ముఖము మరుగుపరచుకొని, తండ్రికి ఉత్తమలోకములు కలుగుగాక యని కోరును. తండ్రి కొడుకును ఆపలేదు. కొడుకు తిరిగి చూడక పోలేదు. ముందుకు సాగు పాదము, వెనుకకు తిరిగిన చూపు - ఈ రెండును కలిసియున్నంతకాలము పరంపర తెగదు.